చైత్యగృహంలో వెలుతురు: గవాక్షం నుండి స్తూపం వరకు

బౌద్ధ వాస్తువును వివరించే గ్రంథాలలో చైత్యగృహానికి ఒక నేలపటం తప్పక కనిపిస్తుంది. పొడవైన శాల, దానికి ఇరువైపులా స్తంభాల వరుసలు, వెనుకవైపు ఏనుగు వీపువలె గుండ్రంగా తిరిగిన గోడ, ఆ వంపులో స్తూపం. ఈ పటం నిర్మాణం పొడవును, వెడల్పును చెబుతుంది. భిక్షువులు, ఉపాసకులు ప్రదక్షిణ చేసిన మార్గాన్ని చూపుతుంది. అయితే ఆ శాలలోనికి అడుగుపెట్టినవానికి మొదట ఎదురయ్యే విషయాన్ని మాత్రం అది చెప్పజాలదు. ఆ విషయం వెలుతురు. కొండను తొలిచి చేసిన శాలలో వెలుతురు రావడానికి ఒకే దిక్కు ఉంటుంది. ఆ ఒక్క దిక్కు నుండి వచ్చే కాంతిని ఎక్కడ ఆపాలి, ఎక్కడికి చేర్చాలి, ఎవరిని నీడలో నిలపాలి అన్న ప్రశ్నలకు శిల్పులు కొన్ని శతాబ్దాలపాటు సమాధానాలు వెదికారు. ఆ సమాధానాల పరిణామమే చైత్యగృహ చరిత్రలో ముఖ్యమైన భాగం.

వినయంలో వాతపానం

కిటికీని గురించిన చర్చ బౌద్ధ సంఘానికి కొత్తది కాదు. వినయపిటకంలోని చుల్లవగ్గంలో, శయనాసనాలకు సంబంధించిన ఖంధకంలో, విహారాలకు కిటికీలు లేకపోవడం వల్ల అవి కంటికి హితవుగా లేవని, దుర్గంధం నిలిచిపోతున్నదని ఒక ప్రస్తావన ఉంది. ఆ సందర్భంలో మూడు విధాల వాతపానాలకు అనుమతి లభించింది. అవి వేదికా రూపంలో కమ్ములు కలిగిన కిటికీ, జాలకం కలిగిన కిటికీ, నిలువు శలాకలు కలిగిన కిటికీ. కిటికీ సందుల గుండా గబ్బిలాలు మొదలైనవి లోనికి రావడంతో వాటికి తెరలను, తలుపులను అనుమతించిన వృత్తాంతం కూడా అక్కడే కనిపిస్తుంది. విహారాలలో తెలుపు, నలుపు, కావిరంగు పూతలకు సంబంధించిన అనుమతి కూడా అదే ఖంధకంలోనిది.

ఈ నియమాలు భిక్షువుల నివాసాలను ఉద్దేశించినవి. కంటికి శ్రమ కలగకూడదు, గాలి ఆడాలి, జంతువుల బాధ ఉండకూడదు అన్నవే వాటి ప్రయోజనాలు. చైత్యగృహంలో కిటికీ నిర్వహించే పని వేరు. అక్కడ నివసించేవారు ఉండరు. వందనానికి వచ్చేవారు ఉంటారు. కనుక అక్కడి గవాక్షం శాల అంతటినీ సమంగా వెలిగించవలసిన అవసరం లేదు. స్తూపాన్ని దర్శనీయం చేస్తే చాలు. విహారపు కిటికీకి, చైత్యగవాక్షానికి మధ్య ఉన్న ఈ ప్రయోజనభేదాన్ని గుర్తించినప్పుడే వాటి ఆకారాలలోని భేదం అర్థమవుతుంది.

చీకటి గది, వృత్తాకార స్తూపగృహం

తొలిచిన గుహలలో కాలం నిశ్చయంగా తెలిసిన తొలి నిర్మాణాలు బిహార్‌లోని బరాబర్ కొండలలో ఉన్నాయి. సుదామ గుహను అశోకుడు తన పాలనలోని 12వ సంవత్సరంలో ఆజీవకులకు దానం చేసినట్లు అక్కడి శాసనం తెలుపుతుంది. దాని లోపల దీర్ఘచతురస్రాకారపు గది, దాని చివర వృత్తాకారపు గది ఉన్నాయి. గోడలకు అద్దంవంటి నునుపు ఉంది. ప్రవేశద్వారం మాత్రం పొడవైన ప్రక్క గోడలో ఉంది. లోనికి వచ్చినవాడు ప్రక్కకు తిరిగితే తప్ప గుండ్రని గదిని చేరలేడు. ద్వారం నుండి వచ్చే వెలుతురు కూడా అట్లే ఎదుటి గోడను తాకి ఆగిపోతుంది. ప్రధానమైన గదికి చేరేది ఆ నునుపు గోడల మీద నుండి ప్రతిఫలించే కొద్దిపాటి కాంతి మాత్రమే. సమీపంలోని లోమశఋషి గుహ ముఖభాగంపై కొయ్య ఇంటి ముంగిలిని పోలిన కమాను చెక్కి ఉంది. తరువాతి చైత్యగవాక్షానికి మూలరూపం అదే. అయితే ఆ కమాను అక్కడ కేవలం అలంకారం. దాని గుండా లోనికి వెలుతురు ప్రసరించదు.

ఆంధ్రదేశంలో ఈ దశకు దగ్గరగా ఉన్న నిర్మాణం ఏలూరు జిల్లా కామవరపుకోట సమీపంలోని గుంటుపల్లిలో ఉంది. ఇసుకరాతి కొండలో తొలిచిన అక్కడి చైత్యగృహం వృత్తాకారంలో, సుమారు 5.5 మీటర్ల వ్యాసంతో ఉంది. పైకప్పు గుమ్మటంలా వంగి, పూరిపాక వాసాలను తలపించే రాతి వాసాలతో తీర్చబడింది. ముఖద్వారంపై లోమశఋషి గుహను పోలిన కమాను ఉంది. లోపల స్తూపమే అధిక భాగాన్ని ఆక్రమించగా చుట్టూ ఇరుకైన ప్రదక్షిణపథం మాత్రమే మిగిలింది. ద్వారానికి ఎదురుగానే స్తూపం ఉన్నందున బరాబర్‌లోవలె వెలుతురు దారి మళ్ళవలసిన పని లేదు. కానీ స్తూపం ముందుభాగాన్ని తాకిన కాంతి అక్కడే నిలిచిపోతుంది. ప్రదక్షిణ చేసేవాడు రెండడుగులకే చీకటిలోనికి వెళ్ళి, స్తూపాన్ని చుట్టి తిరిగి వెలుతురులోనికి వస్తాడు.

ముంబయిలోని కొండివ్టే గుహలలో ఈ సమస్యకు మరొక పరిష్కారం కనిపిస్తుంది. అక్కడ పొడవైన శాల చివర గుండ్రని స్తూపగృహం ఉంది. ప్రవేశం శాల పొట్టి వైపు నుండి, స్తూపానికి సూటిగా ఉంది. స్తూపగృహం ముందు గోడలో ద్వారానికి ఇరుప్రక్కల రాతి జాలకాలు ఉన్నాయి. శాల వెలుతురును గోడ పూర్తిగా అడ్డగించకుండా శిల్పులు దానిలో రంధ్రాలు చేశారు. ఆ గోడనే తొలగించి, దాని స్థానంలో స్తంభాల వరుసను నిలిపితే లభించేది గజపృష్ఠాకార చైత్యగృహం. ఇది కాలక్రమాన్ని సూచించే వరుస కాదు. ఆలోచనాక్రమాన్ని సూచించే వరుస. స్తూపానికి, వెలుతురుకు మధ్యనున్న అడ్డంకులు ఒక్కొక్కటిగా తొలగిన తీరును ఇది తెలియజేస్తుంది.

కార్లే: కాంతి నడిచే దారి

మహారాష్ట్రలో లోణావళా సమీపంలోని కార్లే మహాచైత్యంలో ఈ ఆలోచన పరిపక్వదశకు చేరింది. క్రీ.శ. 1వ శతాబ్దానికి, 2వ శతాబ్దపు తొలి దశకాలకు చెందిన ఈ శాల సుమారు 38 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు, దాదాపు అంతే ఎత్తు కలిగి ఉంది. నడిమి శాలకు ఇరువైపులా 15 చొప్పున స్తంభాలు ఉన్నాయి. వీటికి కుండను పోలిన పీఠాలు, ఎనిమిది పలకల కాండాలు, ఏనుగులపై కూర్చున్న దంపతుల బొమ్మలు ఉన్నాయి. స్తూపం వెనుక వంపులో మాత్రం పీఠాలు, శీర్షాలు లేని 7 సాదా స్తంభాలు నిలిచి ఉన్నాయి.

శాల పడమటి దిక్కుకు తెరుచుకొని ఉంది. బయటి నుండి వచ్చే వెలుతురు మొదట రాతి తెరను ఎదుర్కొంటుంది. ఆ తెర క్రింది భాగంలో రెండు పెద్ద స్తంభాలు, పై భాగంలో పొట్టి స్తంభాల నడుమ ఖాళీలు ఉన్నాయి. ఆ ఖాళీల గుండా వచ్చిన కాంతి తెరకు, అసలు ముఖభాగానికి నడుమ ఉన్న ముఖమంటపంలో పడుతుంది. అక్కడి నుండి గుర్రపు నాడా ఆకారంలోని మహాగవాక్షం గుండా, దానిలో అమర్చిన కొయ్య పట్టీల మధ్య నుండి లోనికి ప్రవేశిస్తుంది. అంటే ఆకాశపు కాంతి శాలను చేరేలోగా రెండుమార్లు వడగట్టబడుతుంది. ఉదయం వేళ లోపల ఉండేది తీవ్రత లేని పరోక్ష కాంతి. సూర్యుడు పడమటికి వాలిన తరువాతనే కిరణాలకు లోపలి లోతును చేరే వీలు కలుగుతుంది.

గవాక్షం ఎత్తులో ఉన్నందువల్ల మరొక ప్రయోజనం సమకూరింది. దాని క్రింద ఒక గ్యాలరీ, ఆ గ్యాలరీ క్రింద మూడు ద్వారాలు ఉన్నాయి. మధ్యద్వారం నడిమి శాలకు, ప్రక్కద్వారాలు ప్రదక్షిణపు నడవలకు దారి తీస్తాయి. ద్వారంలో నిలిచిన ఉపాసకుడు గ్యాలరీ నీడలో ఉంటాడు. వెలుతురు వచ్చే చోటు అతని తలపై, వెనుకగా ఉంటుంది. కాబట్టి అతని కంటికి వెలుతురు మూలం కనబడదు. వెలిగిన వస్తువు మాత్రమే కనబడుతుంది. 19వ శతాబ్దంలో ఈ గుహలను పరిశీలించిన వాస్తుచరిత్రకారుడు జేమ్స్ ఫెర్గూసన్ ఈ అమరికను ప్రత్యేకంగా గుర్తించి, ఒకే రంధ్రం నుండి వచ్చే అవిభక్తమైన కాంతి స్తూపంపై పడి తక్కిన భాగాన్ని మసక చీకటిలో ఉంచే తీరును ప్రశంసించాడు.

స్తంభాలు దగ్గర దగ్గరగా నిలిచినందువల్ల ప్రక్క నడవలలోనికి కాంతి పలుచగా మాత్రమే చేరుతుంది. ప్రదక్షిణ చేసేవానికి స్తంభాల సందుల నుండి నడిమి శాల, స్తూపం తెరలు తెరలుగా కనిపిస్తాయి. స్తూపం వెనుక భాగం అన్నింటికన్నా చీకటి. అక్కడి 7 స్తంభాలకు అలంకారం లేకపోవడానికి ఈ చీకటి ఒక కారణమని భావించడం సమంజసం. ముందునుండి చూచేవానికి అవి స్తూపం చాటున ఉంటాయి. వెనుక నడిచేవానికి చెక్కడపు వివరం కనిపించదు. శిల్పుల శ్రమ కంటికి ఆనే చోటనే వినియోగమైంది.

స్తూపపు ఆకారం కూడా ఈ కాంతికి అనువైనది. ఒకే దిక్కు నుండి వచ్చే వెలుతురు అర్ధగోళంపై పడినప్పుడు ముందుభాగం నుండి అంచుల వైపు క్రమంగా పలుచబడుతుంది. వెలుగుకు, నీడకు మధ్య గీత గీసినట్లుండదు. ఏ శిల్పాలంకారం లేని నున్నని అండం సైతం చీకటిలో నిండైన రూపంగా నిలబడడానికి ఈ క్రమక్షయమే కారణం. స్తూపంపైని హర్మిక మీద నేటికీ కొయ్య ఛత్రం ఉంది. కప్పు వంపు క్రింద కొయ్య వాసాలు కూడా నిలిచే ఉన్నాయి. ఆ వాసాలు కొండ బరువును మోయవు. కాని కప్పు వంపు మీద వాటి వరుస చూపును స్తూపం వరకు నడిపిస్తుంది.

గవాక్షమే తొలి ద్వారం

ఇంత నిశితమైన కాంతి నియంత్రణ ఎట్లా సాధ్యమైంది? దీనికి సమాధానం చాలవరకు తొలిచే పద్ధతిలోనే ఉంది. కట్టడం పునాది నుండి పైకి లేస్తుంది. గుహ పైకప్పు నుండి క్రిందికి దిగుతుంది. అసంపూర్ణంగా మిగిలిన అజంతా 29వ గుహ ఇందుకు సాక్ష్యం. చైత్యగృహంగా ఉద్దేశించిన ఆ గుహలో పై భాగం మాత్రమే తొలవబడి, క్రింది భాగం కొండగానే ఉండిపోయింది. కప్పును ముందుగా పూర్తిచేస్తే పరంజీల అవసరం తగ్గుతుంది. పైనుండి రాతిముక్కలు పడి క్రింది శిల్పాలు చెడిపోయే ప్రమాదం ఉండదు.

ఈ పద్ధతిలో పనివారు లోనికి చొరబడేది గవాక్షపు ఎత్తులోనే. తొలిచిన రాయి బయటికి వచ్చేదీ, వారికి వెలుతురు అందేదీ ఆ మార్గం గుండానే. అంటే మహాగవాక్షం నిర్మాణానికి చివరలో అమర్చిన కిటికీ కాదు. శాల ఇంకా రూపొందకముందే అది ఉన్నది. కప్పు వంపును, స్తంభశీర్షాలను, స్తూపపు అండాన్ని శిల్పులు ఆ వెలుతురులోనే చెక్కారు. ఏ గంటలో ఎంత లోతు వరకు కాంతి చేరుతుందో వారికి రోజువారీ అనుభవం. కార్లేలో కనిపించే నేర్పు ఒక్కనాటి కల్పన కాక, పనిచేసే చేతుల ముందు తరతరాలుగా పడిన కాంతి నుండి నేర్చిన పాఠమని ఈ క్రమం సూచిస్తుంది.

ఇంటిముఖం దానం

ఈ భాగానికి ఆనాటి సమాజం ఇచ్చిన విలువ శాసనాలలో కనిపిస్తుంది. అజంతా 10వ గుహ ముఖభాగంపై వాసిఠిపుత కటహాది ‘ఘరముఖ’ దానం చేసినట్లు ప్రాకృత శాసనం ఉంది. ఘరముఖమంటే ఇంటిముఖం. కార్లేలో ధేనుకాకటానికి చెందిన సింహదతుడనే గంధద్రవ్య వర్తకుడు ఇంటిముఖాన్ని దానం చేసినట్లు ఒక శాసనం, అదే ఊరికి చెందిన సామి అనే వడ్ఢకి దానిని నిర్మించినట్లు మరొక శాసనం తెలుపుతున్నాయి. వడ్ఢకి అంటే కొయ్యపనివాడు; తెలుగు పాఠకునికి వడ్రంగి అనే మాట వెంటనే స్ఫురిస్తుంది. రాతి శాలకు ముఖాన్ని చేసినవాడు కొయ్యపనివాడు కావడం గమనార్హం. జంబూద్వీపంలో ఉత్తమమైన శిలాగృహమని ఆ శాలను వర్ణించిన వైజయంతీపుర శ్రేష్ఠి భూతపాలుని శాసనం కూడా అక్కడనే ఉంది.

ఈ శాసనాల నుండి ఒక హెచ్చరికను కూడా గ్రహించాలి. వెలుతురును నియంత్రించిన భాగాలలో చాలావరకు కొయ్యతో చేసినవి. వాటిలో అధికభాగం నశించాయి. భాజా చైత్యగృహంలో లోపలికి వాలిన 27 స్తంభాలు, కప్పు క్రింది ప్రాచీన కొయ్య వాసాలు నిలిచి ఉన్నాయి. కాని ముందుభాగంలోని కొయ్య తెర పూర్తిగా పోయి, దానిని బిగించిన రంధ్రాలు మాత్రమే రాతిలో మిగిలాయి. అజంతా 10వ గుహ ముందుభాగం కూడా నేడు విశాలంగా తెరుచుకొని ఉంది. ఈ శాలలలో నేడు కనిపించే ధారాళమైన వెలుతురు శిల్పులు ఉద్దేశించినది కాదు. దానిని ఆధారంగా చేసుకొని ప్రాచీన ఉపాసకుని అనుభవాన్ని వర్ణించడం పొరపాటు అవుతుంది.

స్తూపం నుండి ప్రతిమకు

క్రీ.శ. 5వ శతాబ్దం నాటి అజంతా 19, 26వ గుహలలో స్తూపం ముందుభాగంలో బుద్ధప్రతిమ వెలసింది. దీనితో వెలుతురు నిర్వహించవలసిన పని మారింది. అర్ధగోళానికి క్రమంగా పలుచబడే కాంతి చాలు. ముఖానికి అది చాలదు. కన్నులు, పెదవులు, ముద్రలు స్పష్టపడాలి. ఎత్తైన గవాక్షం నుండి ఏటవాలుగా దిగే కాంతి ప్రతిమ నుదుటిని, భుజాలను, మోకాళ్ళను వెలిగించి, కనుబొమల క్రింద నీడను నిలుపుతుంది. అజంతాను దశాబ్దాలపాటు పరిశీలించిన వాల్టర్ స్పింక్ 19వ గుహ అక్షాన్ని శీతకాలపు అయనాంత సూర్యోదయానికి, 26వ గుహ అక్షాన్ని వేసవి అయనాంత సూర్యోదయానికి అనుసంధించారని ప్రతిపాదించాడు. అజంతా విహారాలలో సైతం గర్భగృహం వెనుక గోడలోనికి చేరడంతో, అక్కడి ప్రతిమకు మండపపు లోతును దాటి వచ్చిన మిగులు కాంతి మాత్రమే లభించింది. దీపం పాత్ర అక్కడ పెరిగి ఉంటుందని ఊహించవచ్చు.

ఎల్లోరా 10వ గుహలో, అంటే విశ్వకర్మ గుహలో, ఈ పరిణామం చివరి మెట్టుకు చేరింది. 7వ శతాబ్దానికి చెందిన ఆ శాలలో మహాగవాక్షం కుంచించుకుపోయి, పై అంతస్తు గ్యాలరీ వెనుక చిన్న కమానుగా మారింది. కప్పు వాసాలు పూర్తిగా రాతితోనే చెక్కబడ్డాయి. స్తూపం ముందు ప్రలంబపాదాసనంలో ఆసీనుడైన బుద్ధుడు శాలకు కేంద్రమైనాడు. కార్లేలో వెలుతురు స్తూపాన్ని చూపగా, ఇక్కడ స్తూపం ప్రతిమకు వెనుతెరగా మారింది.

ఆంధ్రదేశపు చైత్యగృహాలు

తొలిచిన గుహలకన్నా కట్టిన చైత్యగృహాలు అధికంగా ఉన్న ఆంధ్రదేశంలో ఈ అధ్యయనం మరింత కష్టమైనది. 1954 నుండి 1960 వరకు నాగార్జునకొండలో జరిగిన త్రవ్వకాలలో గజపృష్ఠాకార చైత్యగృహాలు పెక్కు బయల్పడ్డాయి. కొన్ని విహారాలలో అవి జంటలుగా, ఎదురెదురుగా ఉన్నాయి. ఒకదానిలో స్తూపం, మరొకదానిలో బుద్ధప్రతిమ. ఎదురెదురుగా తెరుచుకొనే రెండు గృహాలకు ఒకే సమయంలో ఒకే విధమైన కాంతి లభించదు. ఒకటి సూర్యునికి ఎదురుగా ఉన్నప్పుడు మరొకటి పెడమొగంగా ఉంటుంది. స్తూపానికి ఏ వేళ, ప్రతిమకు ఏ వేళ అనే ప్రశ్న ఆ నేలపటంలోనే దాగి ఉంది. గోడలు, కప్పులు లేకపోవడంతో దానికి సమాధానం త్రవ్వకపు నివేదికలలోని దిక్కుల నమోదును బట్టి, పోలికను బట్టి మాత్రమే వెదకవలసి ఉంటుంది.

ఆ పోలికకు పల్నాడు జిల్లా చేజెర్లలోని కపోతేశ్వరాలయం విలువైన ఆధారం. ఇటుకతో కట్టిన గజపృష్ఠాకారపు ఈ ఆలయంలో వంపు కప్పు, ముందుభాగాన గవాక్షపు ఆకృతి నిలిచి ఉన్నాయి. ఇది తొలుత బౌద్ధ చైత్యగృహమని కొందరు పండితుల అభిప్రాయం. మహారాష్ట్రలోని తేర్‌లో ఉన్న త్రివిక్రమాలయం కూడా ఇదే కోవకు చెందినది. అమరావతి శిల్పఫలకాలలోని భవనాల బొమ్మలు కట్టడాల గవాక్షాలను చూపుతాయి. అదే మహాచైత్యపు పాదమూలంలో దీపస్తంభాన్ని ప్రతిష్ఠించినట్లు అక్కడి శాసనం ఒకటి తెలుపుతుంది. బహిరంగ స్తూపానికి సైతం సూర్యాస్తమయానంతరం వెలుతురును సమకూర్చడం దేయధర్మంగా పరిగణింపబడిందని దీనివల్ల విశదమవుతుంది.

పరిరక్షణలో వెలుతురు

శిథిలమైన స్తంభానికి కొలతలు ఉంటాయి. దానిని తిరిగి నిలపవచ్చు. వెలుతురుకు అటువంటి నమోదు సాధారణంగా ఉండదు. అందువల్ల అది మార్పుకు లోనైనప్పుడు నష్టాన్ని గుర్తించడానికి కూడా ఆధారం మిగలదు. గబ్బిలాలను నివారించడానికి గవాక్షానికి బిగించే వలలు, సందర్శకుల సౌకర్యం కోసం నేలమీద అమర్చే ఫ్లడ్‌లైట్లు, భద్రత కోసం పెట్టే తలుపులు ఒక్కొక్కటిగా చూస్తే అవసరమైనవే. అయితే క్రింది నుండి పైకి ప్రసరించే విద్యుద్దీపం స్తూపపు అండం మీది నీడను తలక్రిందులు చేస్తుంది. అన్ని స్తంభాలను సమంగా వెలిగించే దీపాలు నడిమి శాలకు, ప్రదక్షిణపథానికి గల భేదాన్ని చెరిపివేస్తాయి. చిత్రాలున్న గుహలలో దీపాల వేడి, అతినీలలోహిత కిరణాలు రంగులకు ప్రత్యక్షంగా హాని కలిగిస్తాయి. కాంతికి త్వరగా దెబ్బతినే వస్తువులకు మ్యూజియంలలో సాధారణంగా పాటించే పరిమితి 50 లక్స్ మాత్రమే.

కనుక ఏ చైత్యగృహంలోనైనా దీపాలు, తెరలు అమర్చడానికి ముందు కొన్ని కొలతలు తీసుకోవడం ఆవశ్యకం. ద్వారంలో, నడిమి శాల మధ్యలో, స్తూపం ముందు, స్తూపం వెనుక, ప్రక్క నడవలలో లక్స్‌మీటరుతో కాంతిని కొలవాలి. ఉదయం, మధ్యాహ్నం, సాయంకాలం, ఏడాదిలో రెండు అయనాంతాలు, రెండు విషువత్తులలో ఈ కొలతలను పునరావృతం చేయాలి. నిర్మాణపు అక్షాన్ని నిజ ఉత్తర దిక్కుతో పోల్చి నమోదు చేయాలి. కొయ్య తెరలను బిగించిన రంధ్రాలను కొలిచి, నశించిన భాగాన్ని కంప్యూటరు నమూనాలో పునర్నిర్మిస్తే, నేటి వెలుతురుకు, నాటి వెలుతురుకు గల భేదం తేలుతుంది. ఇందుకు కావలసిన పరికరాలు ఖరీదైనవి కావు. ఏడాదిపాటు ఒకే క్రమాన్ని పాటించే ఓపిక మాత్రం కావాలి.

ఈ పనిలో భిక్షుసంఘానికి కూడా పాత్ర ఉంది. వందన సమయాలను, ప్రదక్షిణ క్రమాన్ని ఎరిగినవారు శాలలో నిలిచి చూచే తీరు, కొలతలు తీసే పరిశోధకుడు చూచే తీరు ఒకటి కావు. ఎక్కడ నిలిచినప్పుడు స్తూపం సంపూర్ణంగా దర్శనమిస్తుందో, ఏ వేళ నడవలో అడుగు తడబడుతుందో ఆచరణ తెలిసినవారే చెప్పగలరు. నేలపటానికి ఆ రెండు సాక్ష్యాలూ తోడైనప్పుడు, కార్లేలోనూ గుంటుపల్లిలోనూ శిల్పులు కొండ నుండి తొలగించిన రాయితోపాటు లోనికి రానిచ్చిన కాంతిని కూడా వారసత్వంగా లెక్కించడం సాధ్యమవుతుంది.